ఏడో కాలమ్

పైనుంచి వచ్చిన నమూనాలో ఏడో కాలమ్ ఖాళీ:
“ఈ మార్పు వలన ప్రభుత్వంపై పడు ఆర్థిక భారం.”
ఐదింటిలోగా నింపి పంపాలి.
టెక్కలి డివిజన్ ఆఫీసులో
ఫ్యాను గాలికి కాగితాలన్నీ లేస్తున్నాయి,
సీనియర్ అసిస్టెంటుని,
నా పెన్నొక్కటే లేవడం లేదు.

మార్పు పెద్దదేం కాదు.
“దైవసాక్షిగా ప్రమాణం చేసి” అని మొదలయ్యే అఫిడవిట్టు
ఇకమీదట “నేను చెప్పునది నిజం” అని మొదలవుతుంది.
స్టాంపు కాగితం వద్దు, నోటరీ వద్దు.
సంతకం చాలు, రానివాళ్లకు వేలిముద్ర.
అబద్ధమైతే శిక్ష మాత్రం పాతదే.

లెక్కకి కూర్చున్నాను.
పాత ఫారాలు పదకొండు కట్టలు,
తూకానికి వేస్తే కిలో పన్నెండు. ఇది రాబడి.
కొత్తవాటి అచ్చుకి మూడువేల నాలుగువందలు.
రబ్బరు ముద్ర ఒకటి వంకరగా పడుతోంది, మార్చాలి.
గుమస్తాలకి ఒక పూట శిక్షణ, టీ, రెండేసి బిస్కెట్లు.
కంప్యూటర్లో ఒక వాక్యం తీసి ఇంకో వాక్యం పెట్టడానికి
కాంట్రాక్టరు అడిగింది లక్షా ఎనభై వేలు.
వాక్యానికి అంత ధర ఉంటుందని
ముప్పై ఏళ్లుగా వాక్యాలు రాస్తున్న నాకు
ఎవరూ చెప్పలేదు.

గోడ అవతల ఖగేశ్వరరావు టైపు మిషను
పొద్దున్నుంచి రెండుసార్లే మోగింది.
ఆయన వేళ్లు ప్రభుత్వానివి కావు గనక
కాలమ్‌లోకి రావు.
పక్క బల్ల దగ్గర నోటరీ వైకుంఠరావు గారు
తల ఎత్తకుండానే ముద్ర గుద్దుతారు.
“ఇది నిజమేనా?” అని
ఆయన ఎవరినీ అడగ్గా నేను వినలేదు.
ఆ ముద్రల కింద నిజమెంతో
ఏ ఆడిటూ తేల్చలేదు.

మధ్యాహ్నం తవిటమ్మ వచ్చింది,
మెళియాపుట్టి అవతల నుంచి, రెండు బస్సులు మారి.
ఒక కార్డులో తవిటమ్మ, ఒక కార్డులో తవుడమ్మ.
ఆ ఇద్దరూ తానేనని చెప్పుకోవాలి.
ముందు పుట్టినవాళ్లు దక్కలేదని
పురిట్లోనే చేటెడు తవుడుకి అమ్మి కొన్న పిల్లట,
ఆ బేరానికి రసీదు లేదు,
పేరొక్కటే మిగిలింది, అదీ రెండు రకాలుగా.

కొంగుముడి విప్పి మూడువందలు బల్ల మీద పెట్టింది.
“ఇప్పుడవి అక్కర్లేదమ్మా, నువ్వు చెబితే చాలు.”
“వొట్టెయ్యక్కర్నేదా?”
“అక్కర్లేదు.”
నోట్ల వైపు చూసింది, నా వైపు చూసింది.
“డబ్బులు పుచ్చుకోకండా ఎలాగ నమ్ముతారు బాబూ?
రేపు మల్లీ రమ్మంతారు.”

ఏ విచారణలోనూ నన్నెవరూ
అంత సూటిగా నిలదియ్యలేదు.

ఎడమ బొటనవేలు సిరాలో ముంచి అద్దింది.
కుడిచెయ్యి నెత్తిన పెట్టుకుంది, ఎవరూ అడక్కుండానే.
“నాను నానే. నా సూడిగేద మీదొట్టు.”
కొత్త ఫారంలో దానికి చోటు లేదు,
పాతదాంట్లోనూ లేదు.
మూడువందలూ తిరిగి ముడిలోకి వెళ్లాయి.
గేదెకి తవుడు బస్తా కొని బస్సెక్కిందని
అటెండరు తర్వాత చెప్పాడు.
ఆ బస్తాని రాబడి కింద చూపొచ్చా అని
కాసేపు నిజంగానే ఆలోచించాను.

నాలుగూ నలభైకి ఏడో కాలమ్‌లో
“స్వల్పం” అని రాశాను.
సంతకం పెట్టబోతూ చూశాను,
అడుగున చిన్న అక్షరాల్లో:
“పై వివరములు యథార్థమని
నోటరీచే ధ్రువీకరించిన అఫిడవిట్ జతపరచవలెను.”

గోడ అవతలికి నడిచాను.
ఖగేశ్వరరావు మిషను మూడోసారి మోగింది.
వైకుంఠరావు గారు తల ఎత్తలేదు.
“ప్రమాణం చేశారా?” అని అడగలేదు,
నేనూ చెయ్యలేదు.
మూడువందలు, నా జేబులోంచి.
ముద్ర మాత్రం తిన్నగా పడింది.